అంచుల దాకా చూపించే లెన్సు

ఫోటోలన్నీ ఫోనులోనే చూసుకునే ఈ రోజుల్లో, చీకటిగదిలో కూర్చుని కాగితం మీద ఫోటోలు కడుక్కునే మనిషిని మా నరసరావుపేటలో ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు. మా ఆవిడయితే "పని లేక కాదు, బుద్ధి లేక" అనే మాటను వచ్చినవాళ్ళందరికీ కాఫీతో పాటు అందిస్తుంది. నేను పట్టించుకోను. మిరపకాయల బస్తాలు వేసుకునే గది ఖాళీ చేయించి, కిటికీకి నల్లగుడ్డ కొట్టి, ఎర్ర బల్బు పెట్టుకున్నాను. బస్తాలు పోయాయి గానీ ఘాటు పోలేదు. ఆ గదిలోకి వచ్చినవాళ్ళు నా ఫోటోలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని నేను అందరికీ ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఆ గదిలో నా ఆస్తి ఒక పాత ఎన్లార్జరు. పైన దీపం, దాని కింద నెగెటివు, ఆ కింద లెన్సు. వెలుతురు వాటిలోంచి దిగి కింద పరిచిన కాగితం మీద పెద్ద బొమ్మగా పడుతుంది. ఎన్ని హంగులున్నా బొమ్మ బాగోగులన్నీ ఆ బొటనవేలంత లెన్సు చేతిలోనే ఉంటాయి. నా దగ్గర అవి రెండున్నాయి. ఎన్లార్జరుతో పాటు వచ్చినది మధ్యలో చక్కగా చూపించి, మూలలకొచ్చేసరికి పాయసం చేసేస్తుంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టన్నమాట. రెండోది ఆన్‌లైన్లో కొన్న పాత లెన్సు. బరువుగా, పెద్దమనిషిలా ఉంటుంది. దాని గుణం ఇంకా తెలియదు.

తేల్చుకోవాల్సిన అవసరం మా బాబాయి వల్ల వచ్చింది. ఈపూరు దగ్గర పల్లెలో ఉంటాడు. ఆయనకు జీవితంలో ఒకే ఒక గొప్ప ఉంది. పెళ్ళయిన ఏడాది కోటప్పకొండ తిరునాళ్ళలో ఆ పల్లె ప్రభ గాలికి ఒరిగిపోతుంటే, ముందు మోకు పట్టుకుని నిలబెట్టింది తనేనట. ప్రభంటే మాటలు కాదు. వెదురు గడలతో తాటిచెట్టును తలదన్నే ఎత్తున కట్టి, పడిపోకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకుని నడిపిస్తారు. అది పడితే ఊరి పరువు పడినట్టే. ఈ కథ బాబాయి ఎన్నిసార్లు చెప్పాడంటే, మాకు కంఠతా వచ్చింది. అయితే ఈమధ్య టీ కొట్టు దగ్గర ఆయన జతగాళ్ళే అడ్డం తిరిగారు. "ఆ రోజు నువ్వు మాకెక్కడా కనపళ్ళేదే!" అన్నారట. బాబాయికి రోషం వచ్చి, "మా అన్న ఫోటో తీశాడు, ఆదివారం మావాడింటికి రండి, చూపిస్తా" అని సవాలు విసిరి వచ్చేశాడు. చూపించకపోతే ఆ టీ కొట్టు మెట్టెక్కలేడు. ఆయనకు అంతకంటే పెద్ద శిక్ష లేదు.

మా నాన్న తీసిన ఆ నెగెటివు నా దగ్గరే ఉంది. అప్పట్లో స్టూడియోవాళ్ళు అంచులు కోసేసి చిన్న ప్రింటు ఇచ్చారు. మధ్యలో ప్రభ ఉంది. బాబాయి ఉంటే గింటే ఓ మూల ఉండాలి. అందుకే నాకు మూలలు కావాల్సి వచ్చాయి.

ఆదివారం పొద్దున్నే పిన్నిని వెంటబెట్టుకుని బాబాయి దిగాడు. పిన్ని వంటింట్లోకి, ఆయన నా గదిలోకి. ముందు లెన్సుల పరీక్ష పెట్టాను. చెడిపోయిన ఫిల్ము ముక్క మీద సూదితో సన్నగీతలు గీసి, దాన్ని ఒక్కో లెన్సుతో పెద్దది చేసి, నడుమా మూలలూ భూతద్దంతో చూడటం నా పద్ధతి. కొత్తగా కొన్నదానితో చేస్తే నడుమా మూలా తేడా లేకుండా ప్రతి గీతా రెండయింది. నాకు ఒళ్ళు మండింది. అమ్మినవాడి ఏడు తరాలనూ కలుపుతూ ఫోనులో మెసేజీ కొడుతుంటే ట్రేలో నీళ్ళు గజగజా వణికాయి. బయట రాళ్ళ లారీ పోతోంది! మా వీధి లారీలకు రాజమార్గం. తప్పు లెన్సుది కాదు, లారీది. మెసేజీ చెరిపేసి, లెన్సును కళ్ళకద్దుకున్నాను.

ఇక బాబాయికి గేటు దగ్గర డ్యూటీ వేశాను. లారీ లేనప్పుడు ఆయన అరవాలి, నేను దీపం వెయ్యాలి.

"లారీ లేదురా, ఇప్పుడు కొట్టు!" అని బాబాయి కేక పెట్టగానే ఎదురింటి మామ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడట, "ఎవుర్నిరా?" అంటూ. మా వైపు మనుషులు సాయానికి వెనకాడరు, కారణం తర్వాత అడుగుతారు.

లారీలు లేకపోయేసరికి లెన్సు నిజస్వరూపం బయటపడింది. వెలుతురు దూరే కంతను రెండు మెట్లు మూసేసరికి నాలుగు మూలల్లోనూ గీతలు సూదిమొనల్లా నిలిచాయి. నాకు గంతులెయ్యాలనిపించింది. బాబాయిని లోపలికి పిలిచి, అసలు నెగెటివు పెట్టి, రెండు లెన్సులతోనూ ఒక్కో ప్రింటు తీశాను. మొదటిదాని కుడి మూల ఏదో నల్లటి మరక. రెండోదాని కాగితం ట్రేలో వేశాక ముందు ప్రభ తేలింది, తర్వాత మోకులు పట్టుకున్న మనుషులు తేలారు, చివరికి కుడి మూలన మా బాబాయి తేలాడు. మీసం, కొత్త పంచె, తెరిచిన నోరు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మోకు మాత్రం ఆయనకు ఇరవై గజాల దూరాన ఉంది. ఆయన చంకలో ఆడవాళ్ళ చెప్పుల జత ఉంది.

ఎర్ర వెలుగులో బాబాయి ట్రే మీదికి వంగి చూశాడు.

"ఒరేయ్, ఈ లెన్సు బాగాలేదురా."

"ఇదే బాగుంది బాబాయ్!"

"కాదంటన్నానా! ఆ మొదటిదే చానా నయం. దాంట్లో నేను బాగా పడ్డా."

"దాంట్లో నువ్వు అసలు పడలేదు."

"అదేరా నేననేది."

రెండూ ఆరాలి కాబట్టి పెరట్లో తీగకు తగిలించాను. బాబాయి రెండోదానికి అడ్డంగా నిలబడ్డాడు. మనిషి నిలబడితే ఎంత అడ్డం? బట్టలు తీయడానికొచ్చిన పిన్ని ఆయన భుజం పక్కనుంచి తొంగిచూసి ఆగిపోయింది.

"ఏవయ్యా, ఆ చెప్పులు నాయి."

బాబాయి ఇంకాస్త అడ్డం జరిగాడు.

"నన్ను మీ అమ్మతో కొండెక్కించి నువ్వు మోకు కాడికి పోయానన్నావుగా? కొత్త పెళ్ళానికంటే ప్రభే ఎక్కువైందని ఇన్నేళ్ళూ నిన్ను సాధించానే!"

"కొత్త చెప్పులంటివి, జాగర్త అంటివి. ఆ జనంలో కింద పెడితే ఉంటయ్యా?" అన్నాడు బాబాయి గొణుగుతూ. "మోకు పట్టినోళ్ళెవరో రారా అని పిలిచారు. పెళ్ళాం చెప్పులు మోస్తన్నానని ఎట్టా చెప్పను?"

పిన్ని ఆ తడి ప్రింటు తీగ మీంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి మొహం చూస్తే నాకే జాలేసింది. నా లెన్సు మీద నాకున్న గర్వమంతా ఎటో పోయింది.

మధ్యాహ్నం టీ కొట్టు బృందం ఆటోలో దిగింది. తీగ మీద మిగిలిన ఒక్క ప్రింటు చుట్టూ మూగారు. ఒకాయన కుడి మూలన వేలు పెట్టి, "ఏందిది, మనిషా, మిరప బస్తానా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"మా ఆయనే," అంది పిన్ని గుమ్మంలోంచి. "మోకు పట్టుకునే ఉన్నాడు. కొండ మెట్ల మీంచి నేను చూశా. మీకు కళ్ళు కనపడకపోతే ఆయనేం జేస్తాడు?"

పిన్ని మాటకు ఆ ఊళ్ళో ఎదురు లేదు. పెద్దమనుషులు టీలు తాగి, బాబాయి భుజం తట్టి, ఆటో ఎక్కారు. బాబాయి వాళ్ళను గేటు దాకా సాగనంపి అక్కడే నిలబడిపోయాడు. ప్రభ గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా ఆయన టీ తాగడం నేను చూసింది అదే మొదటిసారి.

పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి, చీర మడతలోంచి ఆ రెండో ప్రింటు తీసింది.

"ఒరేయ్, ఈ మూలొక్కటే పెద్దది చేసియ్యి."

"ఎంత పెద్దది పిన్నీ?"

"ఆయన మొహం, నా చెప్పులు, రెండూ బాగా కనపడాల."