అగ్గిపుల్ల, నానమ్మ దవడ

నా చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. యాకుత్‌పురాలోని మా ఇంట్లో కుదురు లేదన్న తిట్లన్నీ నాకే దక్కేవి. ఆ వారం మాత్రం నన్ను మించి కాలుగాలిన పిల్లిలా తిరిగింది మా నానమ్మ.

పక్కింటి అక్క, మేమంతా ఆపా అని పిలిచే ఆవిడ, పళ్ల డాక్టరు. నానమ్మకు ఊడిపోయిన కింది పళ్ల బదులు, దవడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే సెట్టు చేసి, మిగిలిన పళ్లకు అంటించింది. అప్పటి నుంచీ నానమ్మకు నొప్పి. విచిత్రమేమిటంటే, నోరు బాగా తెరిస్తే తగ్గేది, మూయగానే పట్టేసేది. నలుగురిలో నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, గదికీ వాకిలికీ మధ్య నోరు తెరుచుకుని తిరిగేది. రాత్రిళ్లు కూడా ఆ అడుగుల చప్పుడు నాకు వినబడేది.

అలా ఉండగానే మేనత్త నిశ్చితార్థం రేపటికి వచ్చింది. వియ్యాలవారి ముందు తల్లి ఇలా కూర్చుంటే ఏం బాగుంటుందని మా నాన్న బెంగ.

"సెట్టు మంచిగనే ఉన్నది. నొప్పి లేదు ఏం లేదు, అంత నీ ఫికరే అమ్మా. రేపు నువ్వు ఇంట్లనే ఉండు" అనేశాడు.

సొంత కూతురి నిశ్చితార్థానికి రావద్దంటే నానమ్మ మళ్లీ వాకిలి వైపు నడిచింది. నాకు నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. పరుగున వెళ్లి ఆపాను పిలుచుకొచ్చాను.

ఆపా నానమ్మ నోట్లో వెతికింది. ఎక్కడా పుండు లేదు, వాపు లేదు. నొప్పి ఎప్పుడొస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో అడిగి, జవాబు చివరిదాకా వింది. తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టి, నోరు బార్లా తెరవమంది. అగ్గిపుల్ల తల విరిచి, బ్లేడుతో చెక్కి, నా కింది వెనక పళ్ల మధ్య, ఎడమ పక్క నుంచి కుడి పక్కకు అడ్డంగా ఇరికించింది. నాలుక కదపకుండా మెల్లగా మూయమంది. సగం మూశానో లేదో, పుల్ల జారి నాలుక మీద పడింది.

నేను కుదురుగా ఉండకే పడిందన్నాడు నాన్న. ఆపా ఇంకో పుల్ల చెక్కి ఆయన నోట్లోనూ పెట్టింది. అక్కడా పడింది.

అప్పుడు చెప్పింది ఆపా, నోరు పెద్దగా తెరిస్తే కండరాలు లాగి కింది దవడ ఎముక వెంట్రుకవాసి లోపలికి వంగుతుందట. మూస్తే మళ్లీ వెడల్పవుతుందట, అందుకే పుల్ల నిలవదట. గట్టి ఎముక వంగుతుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"కొలత తీసేటప్పుడు ఇంక తెరువు, ఇంక తెరువు అన్నది నేనే, అన్నా. అమ్మ నా మాట విన్నది. వంగిన దవడకు కొలత తీస్తే సెట్టు ఇరుకైంది. తప్పు నాది" అంది ఆపా.

ఆ సాయంత్రమే సెట్టు తీసేసి, నోరు కొద్దిగా మాత్రమే తెరిపించి కొత్త కొలత తీసుకుంది. మర్నాడు నానమ్మ బోసి దవడతోనే నిశ్చితార్థానికి వచ్చింది. వియ్యపురాలి పక్కన కూర్చుని డబుల్ కా మీఠా తింది. మారు వడ్డించింది నాన్నే, తలెత్తకుండా. నానమ్మ కొంగు అడ్డం పెట్టుకోలేదు.

ఇప్పుడు నాకు ఆనాటి నానమ్మ వయసు. ఎవరైనా నొప్పి అంటే, పైకి ఏమీ కనబడకపోయినా, నీ ఊహ అనను. ఎప్పుడొస్తుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని అడుగుతాను. జవాబు పూర్తయ్యేదాకా కుదురుగా కూర్చుంటాను. నాకు అది ఇప్పటికీ కష్టమే.