చెల్లి వాటా

ఆ ఇంట్లో ఆమెను జలగ అని పిలిచేవారు. ఆ పిలుపు మొదలుపెట్టింది అమ్మ. మిగిలినవాళ్ళకు అది అలవాటైపోయింది.

ఆమె పుట్టేదాకా కడుపులో ఇద్దరున్నారని ఎవరికీ తెలియదు. ముందు ఈమె వచ్చింది, ఎర్రగా, దిట్టంగా, వీధి వీధంతా వినబడేలా ఏడుస్తూ. వెనకాలే ఇంకొకతె వచ్చింది, ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లగా, అరచేతిలో పట్టేంత, చప్పుడు లేకుండా, ఊపిరి లేకుండా. పురుడు పోసిన నర్సు ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టి నోటికొచ్చింది అనేసింది. "అబ్బో, దాని రక్తమంతా ఇదే తాగేసినట్టుందమ్మా!" ఆ తర్వాత చేతులు కడుక్కుని తన దారిన తాను వెళ్ళిపోయింది. ఆమె అన్న మాట మాత్రం బాలింతతోపాటు ఇంటికి వచ్చింది.

పుట్టేది ఒక్కరే అనుకున్నారు కాబట్టి ఒక్క పేరే అనుకుని ఉంచారు. బడిలో చేర్చేటప్పుడు మేనమామ ఆ పేరును ఈమెకు రాయించాడు. అమ్మ నోట మాత్రం ఆ పేరు ఒక్కసారీ రాలేదు. ఏమే, ఇదిగో, జలగా అన్న పిలుపులతోనే ఏళ్ళు గడిచిపోయాయి.

భోజనాల దగ్గర అమ్మకొక పద్ధతి ఉండేది. ఆమె కంచంలో అన్నం వడ్డించి, గరిటె అంచుతో మధ్యకు గీత గీసి, ఒక సగాన్ని తీసి తమ్ముడి కంచంలో వేసేది.

"అది నీ చెల్లి వాటా. కడుపులోనే తినేశావుగా, ఇంకా ఎంత తింటావే?"

"ఆ చెల్లెవరో గానీ నాకు భలే కలిసొచ్చిందక్కా!" అని తమ్ముడు నోటినిండా అన్నంతో నవ్వేవాడు. నాన్న కంచంలోంచి తలెత్తేవాడు కాదు. పడుకునే చాపలోనూ సగమే ఆమెది. నిద్రలో రెండో సగంలోకి కాలు జరిగితే అమ్మ విసనకర్ర కాడతో ఒకటి వేసేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, మరీ చెప్పేది. "తర్వాత నన్ననొద్దు, ముందే చెప్తున్నాను. ఇది తోడబుట్టినదాన్ని మింగి వచ్చింది." వాళ్ళు నీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు.

ఆమెకు వైద్య కళాశాల మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. శరీర భాగాల రక్తనాళాల్లోకి రంగు కలిపిన ప్లాస్టిక్ ద్రావణాన్ని ఎక్కించాలి. అది గట్టిపడ్డాక మాంసాన్నంతా ఘాటైన క్షారంలో కరగనిచ్చి, మిగిలిన అచ్చును సన్నని నీటిధార కింద కడగాలి. మాంసమంతా పోగా నాళాల ఆకారం మిగులుతుంది. తొందరపడితే వెంట్రుకంత కొసలు రాలిపోతాయి. సగం చాపలో కదలకుండా పడుకోవడం నేర్చిన మనిషి కనుక, తొందరపడకపోవడం ఆమెకు కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాలేదు.

ఆమె జుట్టు నెరిసిన కాలంలో, పురుళ్ళ వార్డు ఆయా ఒకనాడు మూతపెట్టిన బేసిన్ తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఇదిగోనమ్మా, నీ సరుకు. కవలల మావి. తల్లిదండ్రులు సరేనన్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే మావి, బొడ్డుతాళ్ళు మాత్రం రెండు. ఒకడు ఏనుగు పిల్ల, ఇంకొకడు ఎలక పిల్ల."

ఆమె చేతి తొడుగు సగంలో ఆగిపోయింది. "ఎలక పిల్ల పోయాడా?"

"లేదమ్మా, వాడు కుయ్ కుయ్‌మంటూ బతికాడు. ఏనుగే పోయాడు. గుండె తట్టుకోలేదట."

ఆ అచ్చును ఆమె మరే అచ్చునూ చేయనంత నిదానంగా చేసింది. పెద్దవాడి బొడ్డుతాడులోకి ఎరుపు, నీలం ఎక్కించింది. చిన్నవాడి తాడులోకి పసుపు, ఆకుపచ్చ ఎక్కించింది. మాంసం కరిగాక రెండు పొదలు పక్కపక్కన తేలాయి. పసుపు నాళమొకటి సరిహద్దు దగ్గర ఒక గుత్తిలోకి దిగింది. ఆ గుత్తిలోంచి బయటికి వచ్చిన నాళం నీలంగా ఉంది.

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు నుదుటిమీదికి తోసి వంగి చూసింది.

"ఇది ఎవరు తవ్విన దారి మేడమ్?" అని ఆమె అడిగింది.

"తవ్వడానికి ఎవరున్నారమ్మా అక్కడ? గుండె కొట్టుకోవడం కూడా మొదలవకముందే, ఈ మావి పోగుల్లో అక్కడొకటి, ఇక్కడొకటి కణాలు గుంపు కడతాయి. గుంపులు లోపల బోలు పడతాయి. వాన వెలిశాక నేలమీద మడుగులుంటాయి చూడు, అలాగ. పక్కపక్క మడుగులు కలిసి కాలువలవుతాయి, కాలువలు వెళ్ళి బొడ్డుతాడును అందుకుంటాయి. ఇద్దరూ ఒకే మావిలో ఉంటే ఏ మడుగు ఎటు కలుస్తుందో ఎవరి చేతిలో ఉంటుంది?"

"పెద్దవాడు తాగలేదన్నమాట."

"నోరే లేనివాడు ఏం తాగుతాడు? పంపించింది చిన్నవాడి గుండె. వచ్చిపడిన రక్తాన్ని మోయలేక ఆగిపోయింది పెద్దవాడి గుండె. ఇందులో దొంగ ఎవరో నువ్వే చెప్పు." అలా అని ఆవిడ టీ తాగడానికి వెళ్ళిపోయింది.

 అప్పటికి అమ్మ మంచం పట్టి ఉంది. ఇక ఎంతో కాలం లేదని డాక్టరు తమ్ముడితో చెప్పాడు. అమ్మ పోయేలోగా ఆ మాటను వెనక్కి తీసుకోవాలి, ఒక్కసారి పేరు పెట్టి పిలవాలి. ఇంతకు మించి ఆమెకు కోరిక లేదు. ప్రొఫెసరమ్మను అడిగి ఒక్క రోజుకు అచ్చును తీసుకుంది. దూదిలో పొదిగి, పెట్టెలో పెట్టి, బస్సులో ఒళ్ళోంచి దించకుండా ఇంటికి తెచ్చింది.

అమ్మ కిటికీ పక్కన దిండ్లకు ఆనుకుని ఉంది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె మంచం మీద పెట్టె తెరిచి, ఒక్కొక్క రంగునూ వేలితో చూపిస్తూ, విన్నదంతా చెప్పింది. అమ్మ ఎన్నడూ లేనంత శ్రద్ధగా వింది.

"పసుపుది చిన్నదా?"

"అవునమ్మా. వీళ్ళలో బతికింది ఆ చిన్నవాడే. పెద్దవాడు పోయాడు."

"వాడికి సిగ్గుంది, పోయాడు. నీకు లేదు, బతికావు."

ఆమె మడుగుల సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఇంత చదువు చెప్తున్నావు, ఇది కూడా చెప్పు. ఈ గొట్టాలు నా ఒంట్లోవా, బిడ్డవా?"

 నీ ఒంట్లోవేనమ్మా అంటే సరిపోయేది. నింద ఆమె మీదనుంచి దిగి, మంచంలో ఉన్న మనిషి నెత్తిన కూర్చునేది. అమ్మ పాదాలు నీరు పట్టి దుప్పటి కింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి.

"బిడ్డవేనమ్మా. నీ రక్తం వాటి చుట్టూ బయటే పారుతుంది. మావిలోని నాళాలు బిడ్డ తరఫునుంచే తయారవుతాయి. నువ్వేమీ చెయ్యలేదు."

అమ్మ కేసు గెలిచిన వకీలులా వెనక్కి వాలింది. "విన్నావురా? దాని నోటితోనే అంది. దారి అదే వేసుకుందట!"

"ఇద్దరివీ అమ్మా, ఇద్దరూ కలిసే..."

"పోనీలే అక్కా," అన్నాడు తమ్ముడు. "అమ్మకు ఆయాసం వస్తుంది. ఇప్పుడివన్నీ ఎందుకు?"

అమ్మ చెయ్యి చాపింది. "చిన్నదాని ముక్క విరిచి నాకివ్వు."

"ఇది కాలేజీదమ్మా. విరిగితే మళ్ళీ రాదు."

"కడుపులో పంచలేదు. ఇప్పుడైనా పంచవే."

ఆమె అచ్చును రెండు చేతులతో పట్టుకుంది. ఎక్కడ విరవాలో ఆమెకు తెలుసు. పుల్ల విరిగినంత చప్పుడైంది. పసుపూ నీలమూ కలిసిన గుత్తి ఎటూ చెందలేక పొడిపొడిగా దుప్పటి మీద రాలింది. అమ్మ దాన్ని చేత్తో కిందికి దులిపేసి, పసుపు ముక్కను అందుకుంది.

ఆమె మిగిలినదాన్ని దూదిలో చుట్టి, పెట్టె మూసి, గుమ్మం దాటబోయింది. అప్పుడే వెనకనుంచి అమ్మ గొంతు వినబడింది. ఆ గొంతులో అంత మెత్తదనం ఉంటుందని ఆమెకు ఇన్నేళ్ళలో తెలియదు. ఆ గొంతు పలికింది బడిలో మేనమామ రాయించిన పేరు.

"ఏంటమ్మా?" అని ఆమె గిరుక్కున తిరిగింది.

అమ్మ పసుపు ముక్కను గుండెలమీద పెట్టుకుని వేళ్ళతో నిమురుతోంది.

"నిన్ను కాదే," అంది, తల తిప్పకుండానే.

వంటింట్లోంచి తమ్ముడి భార్య పిలిచింది. "వదినా, వడ్డించాను, రండి. చల్లారిపోతోంది."

ఆమె వెళ్ళి కంచం ముందు కూర్చుంది. అన్నం నిండుగా ఉంది. గరిటె అందుకుని, దాని అంచుతో మధ్యకు గీత గీసింది.