పెద్దమ్మ మరాఠీ పాఠం

మా ఎదురింటి పెద్దమ్మ పోయి రేపటికి పదకొండు రోజులు. వాట్సాప్ గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. నాకు పెట్టబుద్ధి కాలేదు. మీకు చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది.

ఇక్కడ మహారాష్ట్రలో, మాజ్రి బొగ్గు గని క్వార్టర్లలో మా లైన్ వాళ్లందరికీ ఆమె గని దవాఖాన నర్సుగానే తెలుసు. కరీంనగర్‌లో నర్సింగ్ చదివి, పెళ్లై ఇక్కడికొచ్చి, మరాఠీ రాక తొమ్మిదేళ్లు ఇంట్లోనే ఉండిపోయిందని తక్కువ మందికి తెలుసు. "సూది పట్టిన చెయ్యితోని కిటికీల బొగ్గు తుడుసుకుంట కూసున్న" అనేది ఆ రోజుల గురించి. అందుకే రిటైరయ్యాక, మన వైపు నుంచి కోడళ్లుగా వచ్చిన నర్సులను పిలిచి మరాఠీ నేర్పేది.

మా వదిన కూడా వెళ్లింది. మంచిర్యాలలో ఐసీయూలో పనిచేసిన మనిషి. ఇక్కడ రెండు దవాఖానల్లో, పేషెంట్‌తో మరాఠీలో మాట్లాడలేదని వద్దన్నారు. మూడోదానికి శుక్రవారం ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

పెద్దమ్మ నేర్పే తీరు వేరు. తానే రోగి అయ్యేది. మంచం మీద పడుకుని ఒకరోజు జ్వరం అనేది, ఒకరోజు కాన్పు నొప్పులు అనేది. వదిన మరాఠీలో అడగాలి. ఎవరి నోట తెలుగు మాట వచ్చినా పాఠం మళ్లీ మొదటి నుంచి. ఆ కట్టుబాటు పెట్టింది పెద్దమ్మే. నేను మరాఠీ బడిలో ఏడు దాకా చదివాను కాబట్టి తప్పులు పట్టడానికి కూర్చోబెట్టింది. కాన్పు రోజు ఆమె అరుపులకు పక్కింటి తాత ఉరికొచ్చాడు. "ఒట్టిగ వచ్చినవేంది, ఉడుకునీళ్లేవి?" అని పెద్దమ్మ పాఠం ఆపి అడిగితే ఆయన నిజంగానే వెనక్కి తిరిగాడు.

చివరి వారం మాత్రం రోజూ ఒకటే రోగం. ఛాతీలో నొప్పి. ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారేమో అనుకున్నాం. సోమవారం నుదుటి మీద చెమట కూడా పట్టింది. ఎంత బాగా చేస్తుందో అన్నట్టు వదిన నా వైపు చూసింది.

మంగళవారం సాయంత్రం మేము వెళ్లేసరికే మంచం మీద పడుకుని ఉంది. నొప్పి ఎప్పటి నుంచి అని వదిన మరాఠీలో అడిగింది. ఒక్క తప్పు లేదు. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎడమ చెయ్యి గుంజుతుంది బిడ్డా."

తెలుగులో అంది.

నేను ఎవరి ముందూ గొంతు లేపను. ఆ రోజు లేపాను. "పెద్దమ్మా, తెలుగొద్దు. మళ్ల మొదటి సంది."

వదిన నవ్వింది. కాసేపటికి పెద్దమ్మ కూడా నవ్వింది. కళ్లు మూసుకుని, మరాఠీలో అంతా మొదటి నుంచి చెప్పింది. వదిన అన్నీ వరసగా అడిగింది. ఇప్పుడే డాక్టర్‌ను పిలుస్తాను, భయపడకండి అని చివరి మాట కూడా తడబడకుండా చెప్పింది.

"పాసైనవ్, పో" అని పెద్దమ్మ మెల్లగా లేచి కూర్చుంది. మేము ఇంటికొచ్చి అన్నం తిన్నాం.

తెల్లారేసరికి ఆమె లేదు.

పది రోజుల నుంచి గుంజుతుందనే అంటోందట. శుక్రవారం దాటాక దవాఖానకు పోదామందని ఆమె భర్త పెద్దబాపు చెప్పాడు. అది విన్నాక వదిన ఇంటర్వ్యూకు వెళ్లనంది. "ఐసీయూల చేసినదాన్ని. నా చెయ్యి పట్టుకొని చెప్తే తెల్వలేదు. నేనేం నర్సును?" అంది.

శుక్రవారం పొద్దున పెద్దబాపే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు పోకపోతే, ఆమె ఉత్తగనే ఆగినట్టయితది బిడ్డా."

వదిన లోపలికెళ్లి చీర మార్చుకుంది.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు డ్యూటీకి వెళ్లే ముందు రోజూ మా అందరి మణికట్టు పట్టుకుని గడియారం చూస్తుంది. ఏమీ అడగదు. అన్న నవ్వినా ఆమె నవ్వదు. నిమిషం నిండేదాకా చెయ్యి వదలదు.