కుహూమాలిని ముద్ద

బాగేపల్లి సంత వీధిలో, జడుసుకున్న పిల్లలకు దారం కట్టే అశ్వత్థప్ప మధ్యాహ్నం సంగటి తినే ముందు ఒక ముద్ద చేసి, నెయ్యి వేసి, ఆకు మీద గోడవారగా పెడతాడు. అది కుహూమాలినికి. ఆ యక్షిణి పేరూ మంత్రమూ ఆయనకు కుర్రతనంలో, అట్ట చిరిగిపోయిన ఒక పాత పుస్తకంలో దొరికాయి. నలభైయేళ్లుగా ఆమెకు పెట్టకుండా ఆయన తిన్నది లేదు. అరవై దాటినా నిటారుగా కూర్చుంటాడు. గొంతు తగ్గించడం తెలియదు.

రెండువేల నాలుగు ఎండాకాలంలో, ఈ ముద్ద సంగతి ఎవరో చెప్పగా విని, చింతామణి నుంచి మురళీధర అనే ముసలి రచయిత వెతుక్కుంటూ వచ్చాడు. దారం కోసం కూర్చున్న తల్లుల ముందే అనేశాడు: “నీకు దొరికిన ఆ పుస్తకం నా నవలప్పా. పేరు, మంత్రం అంతా నేను కల్పించిందే. అట్లాంటి యక్షిణి యాడా లేదు.”

తల్లులు అశ్వత్థప్ప మొహం చూశారు. ఆయన ముద్ద మీది ఈగను తోలాడు.

“పేరు పెట్టింది మీరేనప్పా, కాదనను. పెట్టేసి పోయినారు. సాకింది నేను. ఉండాదో లేదో సాకినోణ్ణి అడగల్ల. చెప్పులిడిసి, కాళ్లు కడుక్కోని రాండి. ఆమె తింటాండాది.”

మురళీధర నవ్వబోయాడు. ఆకువైపు ఒకసారి చూసి, చెప్పులు విడిచి, నీళ్ల చెంబు అందుకున్నాడు.