అగ్గిపుల్లంత సందు

నిన్న హన్మకొండలో మా డాబా మీద మోడల్ రైళ్లు నడిపే మిత్రులం బొమ్మ పట్టాలు పరిచాం. మధ్యాహ్నం ఎండకు అందరివీ వంకర్లు పోయాయి, నావి తప్ప. వేడెక్కిన పట్టాల వాసనకు నా చిన్నతనం గుర్తొచ్చింది.

ఒంటిపూట బడుల రోజులు, అగ్గిపెట్టెల రైళ్లు మీకూ యాదికున్నాయా? డోర్నకల్ రైల్వే క్వార్టర్స్ వాకిట్లో నేను చెక్క మీద రేకు పట్టీలను సందు లేకుండా మేకులతో బిగించి మురిసిపోయాను. అవీ ఎండకు ఇలాగే ఉబ్బి లేచాయి. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్ డ్యూటీ దిగి వచ్చిన బాపు నవ్వలేదు. రెండు పట్టీల నడుమ అగ్గిపుల్ల పెట్టి చూపించాడు.

"ఎండకు ఇనుము సాగుతది బిడ్డా, జర జాగ ఇడువాలె."

ఇప్పటికీ ఆ సందును అగ్గిపుల్లతోనే కొలుస్తాను.

"ఏ ఇంజినీర్ దగ్గర నేర్సుకున్నవక్కా?" అని నిన్న మా గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు.

"మా బాపు దగ్గర. గ్యాంగ్‌మన్," అన్నాను, డాబా అంతా వినపడేలా.