బొచ్చెకు బొట్టు పెట్టబోయిన రోజు

బొగ్గుబాయి పని నుంచి రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి గాలం. మా ఆవిడ దాన్ని దయ్యం అంటుంది. బెల్లంపల్లి నుంచి బండి మీద గోదావరి ఒడ్డుకు పోవడం, తవుడూ పల్లిచెక్కా కలిపిన ముద్ద గాలానికి పెట్టి, పెద్ద బొచ్చెచేప కోసం పొద్దంతా కూర్చోవడం. ఎవడి పిచ్చి వాడికానందం.

ఇది జరిగిన ఏడు మా బిడ్డ కడుపుతో ఉంది. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. ఈసారి మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పడంతో మా ఇంటికే తెచ్చుకున్నాం. ఇంట్లో ఆడపిల్ల కడుపుతో ఉంటే మగవాళ్లు జీవం తీయకూడదని మావైపు పట్టింపు. అల్లుడు దుబాయిలో ఉన్నాడు, ఆ పట్టింపంతా నా నెత్తిన పడింది.

“గాలం మూలకు పెట్టు” అంది మా ఆవిడ.

“పట్టి ఇడిసిపెడ్త. సంపుత అన్ననా?”

“నువ్వు ఇడుస్తవా! కూరొండుకొని తిని, ఇడిసిన్నని చెప్తవు. నేను గూడ వస్త.”

వియ్యపురాలిని బిడ్డ దగ్గర కూర్చోబెట్టి నిజంగానే బండెక్కింది. నా మీద నమ్మకం అంటే అదీ!

గాలపు కొక్కేనికి చివరన ఎదురుముల్లు ఉంటుంది. చేప నోటికి గాయం కాకుండా కొక్కెం సులువుగా ఊడి రావాలని దాన్ని పట్టకారుతో నొక్కేశాను. చాలాసేపు ఏమీ పడలేదు. “ఇగ పోదాం పా” అని ఆమె లేస్తుండగా రీలు గిర్రున తిరిగింది. నా జన్మలో అంత చేపను పట్టలేదు. బాగా అలసిపోతే వదిలినా బతకదని, అలసిపోకముందే దగ్గరికి లాగుదామంటే వస్తుందా! చివరికి మోకాళ్ల లోతు నీళ్లలో చేతివలలోకి వచ్చింది. గుడ్లతో పొట్ట ఉబ్బి ఉంది.

“అయ్యో, కడుపుతోని ఉన్నదయ్యా!” అంటూ చీర తడుస్తున్నా లెక్కచేయకుండా ఆమె నీళ్లలోకి దిగింది. నేను చేతులు తడుపుకుని, చేపను నీళ్లలోనే ఉంచి కొక్కెం తీశాను. ఈలోగా ఆమె కొంగుకు ముడేసుకున్న కొండగట్టు సింధూరం విప్పింది. తడి మీద బొట్టు నిలవదని, చేప తల పైకెత్తి పొడి కొంగుతో బరబరా తుడిచింది.

“ఏం జేస్తున్నవే! ఒంటి మీది జిగురే దానికి రక్ష. అది పోతే రోగాలు తగుల్తయ్!”

“మరి కడుపుతోని ఉన్న ఆడివిల్లను బొట్టు పెట్టకుంట పంపుతరా?”

కోప్పడాలో నవ్వాలో తెలియలేదు. “గంగమ్మకు పెట్టు, దానికి అందుతది” అన్నాను. సింధూరం నీళ్లలో చల్లింది.

వల తీసేశాను. చేప పోలేదు. మెల్లగా పక్కకు ఒరిగింది.

మా ఆవిడ మొహం పాలిపోయింది. దాని ప్రాణానికీ మా బిడ్డ కడుపుకూ ఆమె అప్పటికే ముడివేసేసుకుంది. నేను అలాంటివి నమ్మను. అయినా వెంటనే వంగి దాన్ని పట్టుకున్నాను. మొప్పల్లోకి వేళ్లు పోనీయకుండా, ఒక చేత్తో తోక మొదలు పట్టి, ఇంకో చెయ్యి పొట్ట కింద ఆనించి, మొప్పల గుండా నీళ్లు పారేలా తలను ప్రవాహానికి ఎదురుగా నిలబెట్టాను. నడుము పీకుతోంది. ఒడ్డుకు పొమ్మన్నా ఆమె పోలేదు, నా భుజం పట్టుకుని నిలబడింది. కాసేపటికి మొప్పలు ఆడాయి. ముందు నెమ్మదిగా, తర్వాత జోరుగా. ఒక్కసారి తోక విదిలించి, మా ఇద్దరి మొహాల మీదా నీళ్లు కొట్టి పోయింది.

నేను కేకేశాను. ఆమె ఏడుస్తోంది.

“బతికింది గదనే, ఇంక ఏడుపెందుకు?”

“మన మొదటి పిల్ల కడుపుల పోయిన పొద్దు నువ్వు బాయిల ఉన్నవు. కబురు అంది నువ్వు పైకొచ్చేవరకు అంత అయిపోయింది. ఇయ్యాల నా పక్కన ఉన్నవు.”

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. చెప్పినందుకు ఆమెకూ, చెప్పించినందుకు ఆ చేపకూ ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

వానలు తగ్గాక మనవరాలు పుట్టింది. పురుడు జరుగుతున్నంతసేపూ ఆసుపత్రి వరండాలో మా ఆవిడ పక్కనే కూర్చున్నాను. చాయ్ తాగి రమ్మని ఆమే అన్నా లేవలేదు.