ఆయ్ అంటే ఏ ఆయ్?

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. కోనసీమలో పుట్టి, కోనసీమ నీళ్ళు తాగి పెరిగి, అమ్మా నాన్నా అన్న మాటల తర్వాత నేర్చుకున్న మూడో మాట బహుశా అదే అయివుండగా, ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక పూటంతా నాకు 'ఆయ్' అన్న మాటకి అర్థం తెలియకుండా పోయింది. ఇది మా అమ్మకి కూడా చెప్పలేదు. చెబితే 'నర్సు చదువు చదివితే ఉన్న తెలుగు కూడా పోయిందా?' అని ఇరుగుపొరుగు వాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో డాక్టరంటే వారానికొకసారి జీపులో వచ్చి, ఇంజను చల్లారకముందే వెళ్ళిపోయే మనిషి. తక్కిన రోజుల్లో జబ్బు చేసినవాళ్ళ సంగతేమిటని నేను పనిచేసే మిషను ఆసుపత్రివాళ్ళు ఆలోచించి, మాలో నలుగురు నర్సుల్ని ఏరి, రోగిని మొదటి నుంచి చివరిదాకా పరీక్ష చేయడం నేర్పి పల్లె క్లినిక్కులకి పంపాలనుకున్నారు. అప్పటిదాకా డాక్టరు చెప్పింది చేయడమే మా పని. ఇకమీదట మేమే చూసి, విని, తట్టి, తాకి, ఏమైందో చెప్పాలట. ఆ నలుగురిలో నన్నెందుకు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. వార్డులో నా గొంతు విన్నవాళ్ళు తక్కువ. ఖాళీ దొరికితే దుప్పట్లు పెట్టే గదిలో కూర్చుని లైబ్రరీ నవల చదువుకోవడం, రాత్రి డైరీలో 'ఈ రోజు కూడా కొత్తవాళ్ళతో మాట్లాడే అవసరం రాలేదు, దేవుడికి స్తోత్రం' అని రాసుకోవడం, ఇదీ నా జీవితం. (మాట్లాడని పిల్లలు లోతుగా ఆలోచిస్తున్నారని పెద్దవాళ్ళు అనుకుంటారు. చాలాసార్లు మేము తర్వాతి పేజీలో ఏమవుతుందా అని ఆలోచిస్తూ ఉంటాం.)

మాకు పాఠం చెప్పే సిస్టరు గారు కేరళ నుంచి కొత్తగా వచ్చారు. ఆవిడ తెలుగంతా చర్చిలో ప్రసంగాలు వింటూ నేర్చుకున్నదే. అందువల్ల ప్రతి వాక్యమూ 'వలెను'తో ముగిసేది. "నీవు గోళ్ళు కత్తిరించుకొనవలెను. చేతులు రుద్ది వెచ్చబరచుకొనవలెను. రోగి మోకాళ్ళు ముడుచుకొనవలెను." మేము ఆవిడకి వలెను సిస్టరు అని పేరు పెట్టుకున్నాం. పాఠం మాత్రం ఎంత చక్కగా చెప్పేవారో! మిగతా శరీరానికి ఒక వరస అయితే పొట్టకి ఇంకో వరస. ముందు చూడాలి, తర్వాత స్టెతస్కోపు పెట్టి వినాలి, ఆపైన వేలితో తట్టాలి, చేత్తో నొక్కడం అన్నిటికంటే ఆఖరు. ముందే నొక్కేస్తే లోపలి చప్పుళ్ళు మారిపోతాయి. ఇక నొక్కేటప్పుడు మన కళ్ళు మన చేతి మీద ఉండకూడదు, రోగి ముఖం మీద ఉండాలి. నొప్పి నోటికంటే ముందు కనుబొమల దగ్గరికి వస్తుందని ఆవిడ చెప్పేవారు.

పుస్తకంలో ఇది ఒక్క పంక్తి. నాకు మాత్రం వరదలో గోదావరి దాటడమంత పని. పరాయి మగవాళ్ళ ముఖాలు నేను అప్పటికి నవలల అట్టల మీద తప్ప సరిగ్గా చూడలేదు. మా రూమ్మేటు మీద అభ్యాసం చేద్దామా అంటే ఆ పిల్లకి విపరీతమైన చక్కిలిగింతలు. ఎక్కడ చెయ్యి వేసినా "చచ్చేనే బాబూ, వదులే!" అని మంచమంతా దొర్లి నవ్వేది. కాబట్టి పొట్ట నొక్కితే రోగి నవ్వుతాడన్నంతవరకే నా అనుభవం.

అలాంటి స్థితిలో పరీక్ష రోజు వచ్చింది. ఇందులో గట్టెక్కితే పల్లె క్లినిక్కు, లేకపోతే మళ్ళీ దుప్పట్ల గది. డాక్టరు గారు జీపులో రాజోలు వైపు వెళ్ళారు, సాయంత్రానికి గానీ రారు. సిస్టరు గారు ఒక బల్ల దగ్గర ఇంకో అమ్మాయిని పరీక్షిస్తూ, అప్పుడే వచ్చిన ఒక తాతగారిని నాకు చూపించి, నేను వచ్చేలోగా జబ్బు వివరాలన్నీ అడిగి ఉంచవలెను అన్నారు.

తాతగారిది పలివెల దగ్గర ఊరు. ఉతికిన పంచె, మడత నలగని కండువా, కూర్చోమంటే "పర్లేదండి, నిలబడతానండి" అనే రకం. వెంట మామ్మగారు, చేతిలో గొడుగు. నేను నేల వైపు చూస్తూ మొదలుపెట్టాను.

"ఏం బాధండీ తాతగారూ?"

"అబ్బే, ఏం లేదండి అమ్మాయిగారూ. చిన్న ఇబ్బందండి."

"కడుపులోనాండీ?"

"ఆయ్."

"ఎప్పట్నుంచండీ?"

తాతగారు పైకప్పు వైపు చూశారు. మామ్మగారు గొంతు తగ్గించి, "తెల్లారగట్ట నుంచి అవస్థ పడతన్నారండి. పొద్దుట్నుంచీ చుక్క లేదండి," అన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. ఆ ఎండలో, ఆ వయసులో, పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదా! "అయ్యో, గేటు దగ్గర కొబ్బరి బోండాలు అమ్ముతున్నారు మామ్మగారూ, ఒకటి పట్టండి," అన్నాను.

మామ్మగారు నా వైపు వింతగా చూసి, "బోండమేనాండీ?" అన్నారు.

నేను అప్పటికే లోపల్లోపల 'చూడాలి, వినాలి, తట్టాలి, తాకాలి' అని వల్లె వేసుకుంటున్నాను. "ఆయ్," అన్నాను.

తెల్లబట్టలు వేసుకున్న అమ్మాయి చెప్పాక ఇంకేముంది? ఆవిడ ఒకటి కాదు, రెండు తెచ్చారు. తాతగారు రెండూ తాగారు. ఎంత మర్యాదస్తుడంటే, చివరి గుక్క దగ్గర ఒక్క క్షణం కళ్ళు మూసుకుని మరీ తాగారు.

సిస్టరు గారు వచ్చారు. తాతగారిని పడుకోబెట్టి, మోకాళ్ళు ముడిపించి, నేను చేతులు రుద్దుకుని, ఎదురుగోడ మీది క్యాలెండరులో గొర్రెపిల్ల బొమ్మని గట్టిగా పట్టుకున్నాను, కళ్ళతోనే. పుస్తకంలో పొట్టని నాలుగు గదులుగా గీస్తారు, బొడ్డు సరిగ్గా మధ్యలో ఉంటుంది. తాతగారి పంచె బొడ్డు దగ్గరే బిగించి ఉంది. పంచె జరపమనే మాట నా నోటంట వచ్చే ప్రశ్నే లేదు. అందుకని నాలుగు గదుల్నీ ఎలాగో బొడ్డుకి పైనే సర్దేశాను. వినడమూ తట్టడమూ ఎలా అయ్యాయో నాకే తెలియదు. నొక్కడం మొదలైంది.

"ఇక్కడ నొప్పండీ?"

"ఆయ్."

"ఇక్కడండీ?"

"ఆయ్."

"ఇక్కడో?"

"ఆయ్."

నాలుగో చోట నేను నోరు తెరవకముందే "ఆయ్!" అన్నారు, కొంచెం గట్టిగా.

సిస్టరు గారి ముఖం పాలిపోయింది. "నాలుగు చోట్లను! పొట్ట కూడ బిగిసియున్నది. లోపల ప్రేగునకు తూటు పడియుండవచ్చును. ఇప్పుడే కాకినాడ పెద్దాసుపత్రికి పంపవలెను. కోయవలెను." ఎవరినో టాక్సీకి పరిగెత్తించారు. ఎదుర్లంక దగ్గర పంటి ఎక్కి గోదావరి దాటాలి, పంటి అవతలి ఒడ్డున ఉంటే ఎంతసేపు ఆగాలో దేవుడికే తెలియాలి. 'కోయవలెను' అన్న మాట మాత్రం మామ్మగారికి స్పష్టంగా అర్థమైంది. "ఓరి నాయనో, కోసేత్తారా!" అని గొడుగుతో సహా నేల మీద కూలబడ్డారు. తాతగారు పడుకునే, "ఊరుకోవే, ఆళ్ళకి తెలీదా ఏంటి," అని సర్దిచెబుతున్నారు.

సిస్టరు గారు నా వైపు తిరిగారు. "నీవు ఈ దేశపు దానవు. అతడు నొప్పి అనియే చెప్పెనా?"

ఆవిడ మాట వింటున్నానని తెలియడానికి, అలవాటుగా, "ఆయ్," అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి నా నుదుటి మీద చెయ్యి పెట్టారు. "నీకును నొప్పియా?"

అప్పుడు కమ్మింది నన్ను అయోమయం. నాకు నొప్పి లేదు. మరి నేను ఆయ్ అన్నాను. ఔననీ అనలేదు. మరి ఏమన్నాను? మా ఊళ్ళో మేస్టారు పిలిస్తే ఆయ్, అన్నం తిన్నావా అంటే ఆయ్, తినలేదా అన్నా ఆయ్. ఔను అనడానికి ఒక ఆయ్, వింటున్నాను కానివ్వండి అనడానికి ఒక ఆయ్, కాలికి రాయి తగిలితే ఒక ఆయ్. మూడూ ఒకలాగే ఉంటాయి. తాతగారు చెప్పిన నాలుగింటిలో ఏది ఏ ఆయ్? ఇంత తెలుగు చదివాను, ఇన్ని నవలలు మింగాను, ఇప్పుడు ఒక పెద్దమనిషి పొట్ట నేను విన్న నాలుగు ఆయ్‌ల మీద కోసేస్తారు. బయట టాక్సీ హారను వినిపించింది. నా జీవితంలో ఎవరూ అడగకుండా నేను పలికిన మొదటి వాక్యం అప్పుడే బయటికి వచ్చింది.

"సిస్టర్, ఇంకొక్కసారి చూస్తానండీ."

ఈసారి క్యాలెండరు వదిలేశాను. తాతగారి ముఖం చూశాను. తెల్లటి మీసాలు, కళ్ళ చుట్టూ నవ్వు ముడతలు, మా పెదనాన్న గారిలాగే ఉన్నారు. ఇంతసేపు దేనికి భయపడ్డానో అర్థం కాలేదు. పైన నొక్కి, "నొప్పి ఉందాండీ?" అన్నాను. "ఆయ్," అన్నారు నవ్వుముఖంతో. అక్కడే మళ్ళీ నొక్కి, "నొప్పి లేదు కదండీ?" అన్నాను. "ఆయ్," అన్నారు అదే నవ్వుముఖంతో.

సిస్టరు గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత నా చెయ్యి ఎక్కడ ఆగిందో చూశారు. "పొట్ట పంచెతో ముగియదు. క్రిందికి పోవలెను," అన్నారు.

"తాతగారూ, పంచె కొంచెం వదులు చేసుకుంటారాండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన సిగ్గుపడుతూ వదులు చేసుకున్నారు. బొడ్డు కింద మెల్లగా చెయ్యి ఆనించాను. తాతగారు ఏమీ అనలేదు. ఆయ్ అనలేదు, ఊఁ అనలేదు. కనుబొమలు మాత్రం రెండూ వచ్చి ఒకదానికొకటి ఆనుకున్నాయి. అక్కడ ఏదో గుండ్రంగా, బిర్రుగా చేతికి తగిలింది. వేలు పెట్టి తట్టాను. పైన తడితే డప్పులా మోగిన పొట్ట ఇక్కడ నీళ్ళు నిండిన బోండంలా మొద్దుగా పలికింది.

బోండం! నేను మామ్మగారి వైపు తిరిగాను. "మామ్మగారూ, పొద్దుట్నుంచీ చుక్క లేదన్నారు. ఏ చుక్కండీ?"

ఆవిడ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఏ చుక్కేంటమ్మా! లోపలికెళ్ళే చుక్కకేం, తాగుతూనే ఉన్నారు. బయటికి పోయే చుక్క!"

"మరి నేను బోండం పట్టమంటే చెప్పలేదేంటండీ?"

"బోండమేనాండీ అని అడిగేనామ్మా లేదా? మీరు ఆయ్ అన్నారు!"

"మరి మీరేంటండీ తాతగారూ, నాలుగు చోట్లా నొప్పే అన్నారు?"

"మీరంత మర్యాదగా అడుగుతుంటే, లేదని ఎలా అంటానండీ?" అన్నారు తాతగారు.

"ఉన్న చోట చెప్పొచ్చు కదండీ!"

"ఆడపిల్లలతో చెప్పే మాటాండీ అది?"

సిస్టరు గారికి ఇందులో ఎంత అర్థమైందో గానీ బొడ్డు కింద తనూ ఒకసారి తట్టి చూసి, టాక్సీని పంపేయమన్నారు. కట్లు కట్టే డ్రెస్సరు గారు గొట్టమూ బేసినూ పట్టుకుని వచ్చి తెర లాగారు. మేము బయట నిలబడ్డాం. కాసేపటికి తెర వెనక నుంచి ఒక పొడుగాటి "హమ్మయ్య" వినిపించింది. దానికి మాత్రం ఒకటే అర్థం. డాక్టరు గారు వచ్చాక తాతగారికి అసలు వైద్యం మొదలుపెట్టారు. వెళ్ళే రోజున మామ్మగారు నాకో బోండం తెచ్చి, నేను తాగేదాకా పక్కనే నిలబడి నవ్వుతూనే ఉన్నారు.

సిస్టరు గారు నన్ను గట్టెక్కించారు. "నీవు పల్లెకు వెళ్ళవలెను. ముఖములు చూడవలెను," అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగి నా చేత ఆయ్‌లు మూడూ చెప్పించుకున్నారు. అప్పుడు ఆవిడే బయటపెట్టారు. వచ్చినప్పటి నుంచీ వార్డులో, బజారులో, చర్చి మెట్ల మీద కూడా అందరూ ఆయ్ ఆయ్ అంటుంటే, ఈ ప్రాంతం వాళ్ళందరికీ ఎక్కడో నొప్పి ఉంది కాబోలు, నీళ్ళు మంచివి కావేమో అనుకుని, ఆవిడ ప్రతి రాత్రీ మా గురించి ప్రార్థన చేసేవారట. (ఆ ప్రార్థనలు ఊరికే పోలేదని నా నమ్మకం.)

ఇప్పుడు మా పల్లె క్లినిక్కులో బల్ల మీద పడుకున్న ప్రతివాళ్ళ ముఖమూ చూస్తాను. ఆయ్ అన్న ప్రతిసారీ, అది ఏ ఆయ్ అని ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాను. నాతో పెట్టుకుంటే తెమలదని ఊళ్ళో పేరు కూడా వచ్చింది. గొర్రెపిల్ల క్యాలెండరుని పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ఒకసారి పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇవ్వాలనిపిస్తుంది.

సిస్టరు గారు కిందటేడు పని చాలించి వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. అమలాపురం బస్టాండులో రాజమండ్రి బస్సు ఎక్కించడానికి నేను వెళ్ళాను. చెప్పాలనుకున్నవన్నీ ముందురోజే డైరీలో రాసుకున్నాను గానీ అక్కడ ఒక్కటీ నోటికి రాలేదు. బస్సు కదలబోతుంటే కిటికీ ఊచ పట్టుకుని, "మళ్ళీ ఇటు వస్తారు కదండీ?" అన్నాను. ఆవిడ నేర్పినట్టే, తల దించుకోకుండా, ముఖంలోకి చూశాను. ముందు కనుబొమలు దగ్గరకి వచ్చాయి. తర్వాత పెదవులు నవ్వాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనని మాట, అచ్చం మా ఊరి దానిలా, అన్నారు.

"ఆయ్."